కరెంటుకు అలుగు – పిడుగు కమ్మి పుట్టుపూర్వోత్తరాలు



చైత్ర వైశాఖాల్లో ఎండలు ముదిరి, సాయంత్రమయ్యేసరికి మబ్బు కమ్మి, ఈదురుగాలితోపాటు ఉరుములూ మెరుపులూ మొదలవుతాయి. ఫెళ్ళున ఉరిమినప్పుడల్లా మన పెద్దవాళ్ళు అర్జునా, ఫల్గుణా అంటూ అర్జునుడి పేర్లు తలుచుకుంటారు. వాన వెలుస్తుంది. మరునాడు పొద్దున్నే బావి దగ్గరికి పోయి మీట నొక్కితే మోటారు పలకదు. స్టార్టరు మూత తీస్తే మాడిన వాసన! పిడుగు మన పొలంలో పడనే లేదు, మైలు దూరంలో ఏ తాటిచెట్టు మీదనో పడింది. మరి మన మోటారు ఎందుకు కాలినట్టు? నారుమడి ఎండిపోతూవుంటే రీవైండింగు షాపు దగ్గర మూడు రోజులు పడిగాపులు పడిన రైతుకే ఈ ప్రశ్న విలువ తెలుస్తుంది.

ఈ ప్రశ్నకు జవాబు ఒక్కరోజులో దొరకలేదు. రెండువందల డెబ్భై యేళ్ళుగా కొందరు ప్రాణాలొడ్డి, కొందరు వాదులాడి, కొందరు పదేపదే పరీక్షలు చేసి కూడబెట్టిన జ్ఞానం అది. ఆ చరిత్ర తెలుసుకుంటే మన స్టార్టరు డబ్బాలో ఏం బిగించాలో, ఎందుకు బిగించాలో, ఎట్లా బిగిస్తే పనికిరాదో కూడా తెలుస్తుంది. అందుకే ఈనాటి ప్రసంగం.

గంటలు కొట్టిన కాలం

మనం అర్జునుణ్ణి తలుచుకున్నట్టే ఐరోపా దేశాల్లో ఉరుములు మొదలవగానే చర్చి గంటలు మోగించేవారు. గంట చప్పుడుకు పిడుగు బెదిరిపోతుందని వారి నమ్మకం. కాని ఊరంతటికీ ఎత్తయినది చర్చి గోపురం. ఆ గోపురం మీద పిడుగు పడితే, తడిసిన తాడు పట్టుకుని గంట కొట్టే మనిషికి తప్పించుకునే దారేదీ? 1784లో మ్యూనిక్ నగరంలో అచ్చయిన ఒక పుస్తకంలో 33 యేళ్ళ లెక్క యిచ్చారు. ఆ కాలంలో 386 గోపురాల మీద పిడుగులు పడ్డాయి, 103 మంది గంట కొట్టేవాళ్ళు చనిపోయారు. నమ్మకాన్ని ఎవరూ ఎగతాళి చెయ్యనక్కరలేదు. కాని ఎక్కడ నిలబడి తలుచుకుంటున్నామో మాత్రం చూసుకోవాలి. చెట్టుకింద నిలబడి తలుచుకోవడం కంటే యింట్లో కూర్చుని తలుచుకోవడం మేలు గదా!

గుళ్ళలో వేరే ప్రమాదం కూడా వుండేది. ఆ రోజుల్లో తుపాకి మందును చర్చి నేలమాళిగల్లో దాచేవారు. 1769లో ఇటలీలోని బ్రెషియా పట్టణంలో తుపాకి మందు దాచిన చోట పిడుగు పడింది. మందంతా ఒక్కసారి పేలి పట్టణంలో పెద్ద భాగమే నేలమట్టమయింది. పిడుగు కమ్మి అక్కరలేదన్నవాళ్ళ నోళ్ళు మూతపడింది ఆ తరువాతనే.

పంచాంగంలో వచ్చిన ఉపాయం

పిడుగంటే మబ్బులో పేరుకున్న విద్యుచ్ఛక్తే అని, దాన్ని కమ్మి ద్వారా నేలలోకి దింపవచ్చునని ఊహించినవాడు అమెరికాలో ఫిలడెల్ఫియా నగరవాసి బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఆయన అచ్చాఫీసు నడిపినవాడు. 1750లో ఆయన రాసిన ఉపాయాన్ని ముందుగా పరీక్ష చేసి చూసింది ఫ్రాన్సు దేశంలో. 1752 మే 10న మార్లీ అనే ఊళ్ళో దాలిబార్ అనే శాస్త్రజ్ఞుడు నిలబెట్టించిన 40 అడుగుల ఇనుప కమ్మి నుంచి, మబ్బు పట్టినప్పుడు నిప్పురవ్వలు రాలాయి. ఫ్రాంక్లిన్ గాలిపటం ఎగరేసిన సంగతి అందరూ విన్నదే; అది కూడా ఆ యేడే.

మన రైతులు గమనించవలసిన విశేషం మరొకటి వుంది. ఈ ఉపాయాన్ని ఫ్రాంక్లిన్ పండితులకు మాత్రమే చెప్పి వూరుకోలేదు. ఆయన ఏటేటా ఒక పంచాంగం అచ్చువేసేవాడు. అమావాస్య, పౌర్ణమి, వానలు, సామెతలు – అన్నీ వుండే ఆ పంచాంగాన్ని పల్లెటూళ్ళ రైతులు కొనుక్కునేవారు. 1753వ సంవత్సరపు పంచాంగంలో, యింటికీ గాదెకొట్టానికీ పిడుగు తగలకుండా కమ్మి ఎట్లా పెట్టుకోవాలో వివరంగా వేశాడు. సన్నని ఇనుప కమ్మి తీసుకోవాలి. దాని ఒక కొస తడి నేలలో మూడు నాలుగు అడుగులు దిగాలి. రెండో కొస యింటి కొప్పుకు ఆరు, ఎనిమిది అడుగుల పైకి వుండాలి. చివర అడుగు పొడుగున యిత్తడి తీగ మొనదేలేట్టు బిగించాలి. కొట్టం పొడుగయితే రెండు కొసలా రెండు కమ్ములు పెట్టి, కొప్పు వెంబడి తీగతో కలపాలి. అంటే ఇది పుట్టినప్పటినుంచీ రైతు యింటి వస్తువే.

ఇందులో ముఖ్యమయిన మాట తడి నేల. ఆ మాటను పాటించకపోతే ఏమవుతుందో ఆ యేడే తెలిసింది. రష్యాలో సెంట్ పీటర్స్‌బర్గ్ నగరంలో రిక్‌మన్ అనే ఆచార్యుడు మబ్బులోని విద్యుత్తును కొలవాలని యింటి కప్పు మీద నుంచి కమ్మిని గదిలోకి తెచ్చాడు. కొలవడానికే గనుక నేలకు కలపలేదు. 1753 ఆగస్టులో ఉరుములు వస్తున్నప్పుడు ఆయన వంగి చూస్తుండగా, కమ్మి కొసనుంచి నిప్పుముద్ద ఎగిరి నుదుటికి తగిలింది. ఆయన అక్కడికక్కడే మరణించాడు. నేలకు దారి చూపని కమ్మి రక్షణ కాదు, పిలిచి తెచ్చుకున్న ఆపద. ఎర్తు తీగ తెగిన మోటారుకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

తీగ వెంట నడిచివచ్చే పిడుగు

మొదటి వందేళ్ళూ పిడుగు ఎక్కడ పడితే అక్కడే దాని భయం. 1840ల తరువాత టెలిగ్రాఫ్ తీగలు ఊరినుంచి ఊరికి వేశారు. అప్పుడొక కొత్త చిక్కు వచ్చింది. పిడుగు ఎక్కడో తీగ మీదనో, తీగ పక్కనో పడితే ఆ దెబ్బ తీగ వెంట నడిచివచ్చి తంతి ఆఫీసులోని యంత్రాన్ని కాల్చేది. అంటే పిడుగుకు మనం వేసిన తీగే బాట అయింది. మనం మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు ఇదే: మైలు దూరాన పడినదానికి మన మోటారు కాలింది తీగ వల్లనే.

ఇట్లా తీగలో ఒక్కసారిగా పొంగివచ్చే ఒత్తిడిని ఇంగ్లీషులో సర్జ్ అంటారు. మనం కరెంటు పొంగు అనుకుందాం. వాగులో పైనెక్కడో వాన పడి, మన దగ్గర చినుకు లేకపోయినా ఒక్కసారి నీరు వచ్చినట్టు ఇది వస్తుంది. అయితే వాగు పొంగు గంటలు వుంటుంది. ఈ పొంగు సెకనులో లక్షల వంతుల కాలంలో వచ్చిపోతుంది. ఆ కాస్త సేపట్లోనే వేల వోల్టులు లేస్తాయి. ఒక మామూలు పిడుగులో సుమారు 30,000 ఆంపియర్ల ప్రవాహం వుంటుంది. పెద్ద పిడుగుల్లో అది రెండు లక్షల దాకా పోతుంది.

తంతి ఆఫీసులవాళ్ళు కనిపెట్టిన ఉపాయం చెరువు అలుగువంటిదే. ఒక చోట అలుగంటారు, ఒక చోట మత్తడంటారు, మరొక చోట కలుజంటారు, మరవ అంటారు, పని ఒక్కటే. నీరు మట్టంలో వున్నంతసేపు అలుగు గోడ మాదిరి ఆపుతుంది. మట్టం దాటితే పొర్లిపోనిస్తుంది, కట్టను కాపాడుతుంది. మట్టం తగ్గగానే మళ్ళీ గోడే. తంతి ఆఫీసులో రెండు లోహపు పలకలను వెంట్రుకవాసి సందుతో ఎదురెదురుగా పెట్టారు. ఒకటి తీగకు, ఒకటి నేలకు. మామూలు ఒత్తిడి ఆ సందు దాటలేదు. పొంగు వస్తే రవ్వగా దూకి నేలలోకి పోతుంది.

అలుగు గండి అయిన కథ

తంతి తీగలో వుండేది బలహీనమయిన కరెంటు. 1880ల తరువాత దీపాలకూ మోటార్లకూ పెద్ద కరెంటు తీగలు వచ్చాయి. అక్కడ ఈ సందు ఉపాయం తిరగబడింది. పొంగు సందు దాటి నేలలోకి పోయేది, నిజమే. కాని అది వేసిన నిప్పుబాట వెంట పవర్‌హౌస్ కరెంటు కూడా పడి ప్రవహించడం మొదలుపెట్టేది. పొంగు పోయినా ప్రవాహం ఆగేది కాదు. అలుగు పారి ఆగవలసింది పోయి, అలుగు దగ్గరే గండి పడి చెరువంతా ఖాళీ అయినట్టయింది.

ఆ గండిని పూడ్చడానికి యాభై యేళ్ళు పట్టింది. కొందరు అయస్కాంతంతో నిప్పును ఊదేశారు. కొందరు సందును ఎద్దు కొమ్ముల ఆకారంలో చేసి, మంట పైకి పాకి సాగి తెగిపోయేట్టు చేశారు. కొందరు అల్యూమినియం పళ్ళేలూ ద్రావకమూ వున్న తొట్లు పెట్టారు. వాటికి రోజూ ఒకరు చాకిరీ చెయ్యాలి.

మన దక్షిణాదిన 1902లోనే కావేరి మీది శివసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు 92 మైళ్ళ దూరం కరెంటు తీగ వేశారు. కొండలమీదుగా, మైదానాలమీదుగా పోయే అట్లాంటి పొడవైన తీగలన్నిటికీ ఉరుముల కాలం గండమే.

అమెరికాలో చార్లెస్ స్టెయిన్‌మెట్జ్ అనే ఇంజనీరుకు ఏటి ఒడ్డున ఒక కుటీరం వుండేది. 1920లో దానిమీద పిడుగు పడింది. లోపలి అద్దం ముక్కలు ముక్కలయింది. ఆయన ఆ ముక్కలన్నీ ఏరి, మళ్ళీ జతచేసి, పిడుగు నడిచిన జాడ పరిశీలించాడు. 1922లో లక్షకు పైగా వోల్టుల కృత్రిమ పిడుగును ప్రయోగశాలలోనే పుట్టించి చూపాడు. ఇక పిడుగు కోసం ఆకాశం వంక చూస్తూ కూర్చోనక్కరలేదు; రక్షణ పరికరాలను కావలసినన్నిసార్లు దెబ్బకొట్టి చూడవచ్చు. 1930లో సిలికాన్ కార్బైడు బిళ్ళలు వచ్చాయి. ఒత్తిడి పెరిగితే దారి యిచ్చి, తగ్గితే బిగుసుకునే గుణం ఆ పదార్థానికి వుంది. సందూ, బిళ్ళలూ కలిపి పింగాణి గొట్టంలో పెట్టినదే చాలాకాలం మన ట్రాన్స్‌ఫార్మర్ల మీద కనిపించిన లైట్నింగ్ అరెస్టరు. 1955లో మాచ్‌ఖండ్ కరెంటు వచ్చినప్పుడు, 1959లో విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడి పల్లెలకు తీగలు వేసినప్పుడు అమలులో వున్న విద్య అది.

జపానులో మత్సుషితా సంస్థలో మిచియో మత్సుఓకా అనే పరిశోధకుడు 1960ల చివర మరింత మంచి పదార్థం కనుక్కున్నాడు. వరికి చల్లే జింకు సల్ఫేటులో వుండే జింకే అది. జింకు ఆక్సైడు పొడిలో బిస్మతు మొదలైనవి కొద్దిగా కలిపి, కుండ కాల్చినట్టు కాల్చి చేసిన బిళ్ళ. మామూలు ఒత్తిడిలో ఇది దాదాపు ఏమీ పోనివ్వదు, పొంగు రాగానే తలుపు తెరుస్తుంది, పోగానే మూస్తుంది. సందు అవసరమే లేదు. 1970ల మధ్యనుంచి సందులేని అరెస్టర్లు ఇట్లా వచ్చాయి. ఈనాడు స్తంభంమీది అరెస్టరులోనూ, యింటి మెయిన్ బోర్డులో బిగించే అగ్గిపెట్టెలాంటి సర్జ్ రక్షణ పరికరంలోనూ చాలావరకు ఈ బిళ్ళే వుంటుంది. చెరువుకు సరయిన అలుగు దొరికిందన్నమాట.

లాడ్జ్ నేర్పిన పాఠం

ఇక్కడ వెనక్కి పోయి ఒక వాదన చెప్పుకోవాలి. ఎందుకంటే మన పల్లెల్లో పరికరాలు పెట్టీ నష్టపోవడానికి కారణం అందులోనే వుంది.

కమ్మి లావుగా వుంటే చాలు, పిడుగు దానివెంటే పోతుందని అందరూ అనుకునేవారు. 1888లో ఇంగ్లండులో ఆలివర్ లాడ్జ్ అనే ఆచార్యుడు కాదని వాదించాడు. తంతిశాఖ ఇంజనీరు విలియం ప్రీస్ ఆయనతో గట్టిగా తలపడ్డాడు. లాడ్జ్ ప్రయోగంలో చూపిందేమంటే, లావుపాటి రాగితీగ తిన్నగా దారి చూపిస్తున్నా పొంగు ఆ దారి వదిలి, పక్కనున్న గాలిసందును దూకింది! కారణం జడత్వం. బరువు బండిని మెల్లిగా లాగితే కదులుతుంది. ఒక్క ఊపులో గుంజబోతే కాడి విరుగుతుంది గాని బండి కదలదు. తీగలో కరెంటూ అంతే. మెల్లిగా పోయేదానికి తీగ లావు ముఖ్యం. ఒక్కసారి ఉరికే పొంగుకు తీగ పొడుగు ముఖ్యం. పొంగు వేగాన్ని బట్టి మీటరు పొడుగు తీగకు వెయ్యి వోల్టుల దాకా అడ్డం పడవచ్చునని ఈనాటి లెక్క.

ఇప్పుడు ఆలోచించండి. మంచి పరికరమే కొన్నాం. దాని తీగలను చుట్టలు చుట్టి, డబ్బా చుట్టూ తిప్పి, మూడు మీటర్లు నడిపించాం. పరికరం తలుపు తెరిచినా ఆ మూడు మీటర్ల తీగ మూడువేల వోల్టులను మోటారు మీదికి నెడుతుంది. అలుగు మంచిదే, అలుగువాగు పూడిపోయింది! అందుకే పరికరానికి వచ్చిపోయే తీగలు అన్నీ కలిపి అర మీటరు మించకూడదని, మెలికలు వుండకూడదని నిబంధన పెట్టారు.

మరొక శాస్త్రజ్ఞుడు, జేమ్స్ క్లెర్క్ మాక్స్‌వెల్, 1876లో చెప్పిన మాట కూడా గుర్తుంచుకోవాలి. యింట్లోని లోహపు వస్తువులన్నీ ఒకదానితో ఒకటి కలిపివుంటే, పిడుగు పడినప్పుడు అన్నీ ఒకేసారి ఒకే ఎత్తుకు లేస్తాయి. వాటి మధ్య రవ్వ దూకదు. రేవులో నీరు లేచినప్పుడు పడవలన్నీ కలిసే లేస్తాయి గనుక ఒకదాన్నుంచి ఇంకొకదానికి నీరు దూకనట్టు. కాబట్టి కరెంటుకొక ఎర్తు, పిడుగు కమ్మికొక ఎర్తు తీసి విడివిడిగా వదిలెయ్యడం తప్పు. ఎర్తులు ఎన్ని తీసినా వాటిని కలపాలి.

మన పొలంలో చెయ్యవలసినవి

చరిత్ర విన్నాం. ఇక పనికి వద్దాం.

మొదటిది ఎర్తు. మోటారు ఒంటికి రెండు వేర్వేరు ఎర్తు తీగలు వుండాలని 1956 నాటి విద్యుత్ నిబంధనలే చెప్పాయి. నిబంధనలు మారినా ఆ నియమం మారలేదు. రెండున్నర మీటర్ల గాల్వనైజ్డ్ గొట్టం తడి తగిలే చోట దింపాలి. కాలవ గట్టునో, మోటారు నీళ్ళు పడే తొట్టి పక్కనో చోటు చూడండి. తుప్పుపట్టిన బోల్టు ఎర్తును లేనట్టే చేస్తుంది. ప్రతియేడూ ఉగాది లోపల ఒకసారి విప్పి, గీకి, బిగించడం మంచిది.

రెండోది ట్రాన్స్‌ఫార్మరు. దాని 11 వేల వోల్టుల వైపు మూడు అరెస్టర్లు వుంటాయి. వాటిలో ఒకటి పగిలినా, కింది తీగ ఊడి వేలాడుతున్నా పై సంవత్సరపు ఉరుములకు కాపు లేనట్టే. కింద నిలబడి చూస్తే చాలు, తెలుస్తుంది. చూసి లైన్‌మన్‌కు చెప్పండి. మీరు మాత్రం ఎక్కవద్దు. ఫ్యూజు వేద్దామని ఎక్కి ప్రాణం పోగొట్టుకున్న రైతుల సంగతి వినని మండలం లేదు. మోటారు పోతే మళ్ళీ చుట్టించవచ్చు.

మూడోది స్టార్టరు డబ్బా. ఈ రోజుల్లో సెల్‌ఫోనుతో నడిచే స్టార్టర్లు, సౌరశక్తి పంపుల కంట్రోలర్లు వచ్చాయి. పాత యిత్తడి కాంటాక్టుల స్టార్టరు కొంత దెబ్బ తట్టుకునేది. వీటిలోని సున్నితమయిన భాగాలు తట్టుకోలేవు. వీటికి సర్జ్ రక్షణ పరికరం తప్పనిసరి అనుకోండి. పొట్టి తీగలతో బిగించాలి. ముందర తగిన ఫ్యూజు వుండాలి. పరికరం మీద చిన్న కిటికీ వుంటుంది. ఆకుపచ్చగా వుంటే పనిచేస్తున్నట్టు. ఎర్రబడితే దాని ఆయుస్సు తీరినట్టు. ప్రతి పొంగూ దాని ఆయుస్సు కొంత తింటుంది.

నాలుగోది బోరు మోటారు. ఇది నీళ్ళలో మునిగి వుంటుంది గనుక పొంగుకు అంతకంటే మంచి నేలదారి లేదు. పైన పొడినేలలో ఒక కడ్డీ పాతి పరికరాన్ని దానికే కలిపితే, పొంగు ఆ కడ్డీని కాదని కేబులు వెంట దిగి, మోటారు చుట్టను చీల్చుకుని నీళ్ళలో కలుస్తుంది. కాబట్టి పరికరపు ఎర్తు తీగను ఇనుప కేసింగుకో, మోటారు దాకా దిగే ఇనుప పైపుకో తప్పక కలపాలి. ప్లాస్టిక్ పైపులు వేసినచోట మోటారు ఒంటినుంచి వేరే ఎర్తు తీగ పైకి తెచ్చి కలపాలి.

అయిదోది, ఈ పరికరం చెయ్యలేని పని. న్యూట్రల్ తీగ తెగినప్పుడు యింట్లోకి 230కి బదులు 400 వోల్టుల దాకా రావచ్చు. అది రెప్పపాటు పొంగు కాదు, నిమిషాలకొద్దీ వుండే వరద. అలుగు అంతసేపు పారితే కోసుకుపోతుంది. దానికి వోల్టేజి చూసి కరెంటు కోసే రిలే వేరే వుండాలి. అట్లాగే పిడుగు నేరుగా మీద పడితే ఏ చిన్న పరికరమూ ఆగదు. ఉరుములు దూరాన వుండగానే మెయిన్ తీసి, ప్లగ్గులు ఊడదీయడం అన్నిటికంటే చవక. ఉరుములు దగ్గరికి వచ్చాక మాత్రం స్టార్టరు జోలికి పోవద్దు.

చివరిది మనుషులూ పశువులూ. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 13 గంటల్లో 36,749 పిడుగులు లెక్కకు వచ్చాయి. 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది పోయారు. పొలంలో నాట్లు వేసేవాళ్ళు, గొర్రెలు కాసేవాళ్ళు, చెట్టుకింద చేరినవాళ్ళే యిందులో ఎక్కువ. చెట్టు మీద పిడుగు పడితే కరెంటు నేలలో చుట్టూ పరుచుకుంటుంది. పశువు ముందుకాళ్ళకూ వెనుకకాళ్ళకూ దూరమెక్కువ గనుక దెబ్బ ఒంట్లోంచి పోతుంది. అందుకే చెట్టుకింద కట్టిన గొడ్లు ఒక్కసారే పడిపోతాయి. మబ్బు కమ్మగానే పశువులను చెట్టునుంచి, ఇనుపకంచెనుంచి తప్పించండి. మనుషులు పక్కా యింట్లోకి పోవాలి. ముందు హెచ్చరికకు కేంద్ర ప్రభుత్వ శాస్త్రజ్ఞులు చేసిన దామిని అనే సాధనం సెల్‌ఫోనులో దొరుకుతుంది. విస్తరణ కార్యకర్తలు ఊరికి పదిమంది చేతనయినా పెట్టించాలి.

రైతు సోదరులారా! చెరువు కట్టినవాడు అలుగు మరిచిపోలేదు. అలుగు లేని చెరువు ఒక్క వానకు తెగుతుందని మన తాతలకు తెలుసు. కరెంటు మన పొలానికి వచ్చి చాలా యేళ్ళయింది. దాని అలుగు సంగతి మాత్రం చాలామంది పట్టించుకోలేదు. ఈ ఉరుముల కాలం రాకముందే ఒక పూట కేటాయించి ఎర్తు బోల్టు విప్పి చూడండి, ట్రాన్స్‌ఫార్మరు కింద నిలబడి మూడు అరెస్టర్లు లెక్కపెట్టండి.